నగిషీ చెడకుండా పాత టేకు సామాను మీది పెయింటు తీయడం

పాత మండువా ఇళ్ల సింహద్వారాలు, పందిరి మంచాలు, భోషాణాలు, ఉయ్యాల బల్లలు చాలావాటికి పైన కనిపించేది ఎనామిల్ పెయింటు, కింద ఉన్నది మేలైన టేకో జిట్రేగో (రోజ్‌వుడ్). ఇంట్లో పెళ్లి వచ్చినప్పుడల్లా ఒక కోటింగు వేయించడం ఆనవాయితీ కాబట్టి, రెండు మూడు తరాలు కాపురమున్న ఇంట్లో ఐదారు పొరలు ఉండటం మామూలే. అన్ని పొరలు పడ్డాక చిలక కన్ను పూడిపోతుంది, తామర రేకుల మధ్య సందులు మూసుకుపోతాయి, లతల అంచులు మొద్దుబారతాయి.

సాదా చెక్క మీద గీకినా, సాండ్ పేపర్ పట్టినా, అర మిల్లీమీటరు చెక్క పోతే ఎవరికీ తెలియదు. నగిషీలో ఆ అర మిల్లీమీటరే రేకు అంచు, పూసల వరుస, ఉలి జాడ. అది పోతే మళ్లీ రాదు. అందుకని ఈ పనిలో పెయింటును ఊడదీసేది మందే (పెయింట్ రిమూవర్) కావాలి. చేతిలో పనిముట్టు ఉన్నది మెత్తబడ్డదాన్ని ఎత్తి పారేయడానికి మాత్రమే. బలం పెట్టాల్సి వస్తోందంటే మందుకు ఇంకా టైము ఇవ్వలేదని లెక్క.

అసలు తీయొచ్చా?

కొన్నింటి మీద రంగే అసలు పనితనం. దేవుడి వాహనాలు, నిర్మల్ పనివాళ్లు రంగులద్దిన పెట్టెలు, బొమ్మలు వేసిన పాత తలుపులు ఈ కోవలోకి వస్తాయి. మొదటి పొర చెక్కను అంటిపెట్టుకుని పల్చగా, రకరకాల రంగుల్లో ఉన్నా, బంగారు రేకు తళుకు కనిపించినా చెయ్యి ఆపేయాలి. దాన్ని ముట్టుకోవలసింది మ్యూజియం పని తెలిసిన కన్సర్వేటరే. ఎముక, దంతం, ఇత్తడి తీగ పొదిగిన సామానుకూ ఇదే వర్తిస్తుంది. 18వ శతాబ్దంలో విశాఖపట్నంలో దంతం పొదిగి చేసిన సామాను ఇప్పుడు విదేశీ మ్యూజియాల్లో ఉంది. అలాంటి పొదుగుడు పని క్షారం తగిలినా, ఆమ్లం తగిలినా పాడవుతుంది.

ఎన్ని పొరలున్నాయో, ఏ పొర ఏమిటో ముందే తెలుసుకోండి. కంటికి కనపడని చోట, అంటే మంచం కోడు (కాలు) లోపలి వైపో భోషాణం వెనకో, రూపాయి బిళ్లంత మేర 220 నంబరు వాటర్ పేపర్‌ను నీళ్లతో తడిపి గుండ్రంగా అరగదీయండి. చెక్క తగిలేదాకా అరిగాక ఒక్కో పొర ఒక్కో వలయంలా కనిపిస్తుంది. అట్టడుగు వలయం గోధుమ రంగులో మెరుస్తూ ఉంటే అది పాత లక్క పాలిష్ కావచ్చు. స్పిరిట్‌లో ముంచిన దూదిని ఓ నిమిషం అదిమిపెట్టి చూడండి, జిగటగా కరిగితే లక్కే. అలా ఉంటే అదృష్టం: పాలిష్ చెక్క రంధ్రాలను మూసేసి ఉంటుంది కాబట్టి పై పెయింటంతా దానితోపాటు శుభ్రంగా లేచొస్తుంది. తెల్ల ప్రైమర్ నేరుగా పచ్చి చెక్కకు పట్టించి ఉంటే మాత్రం రంధ్రాల్లో తెలుపు దిగి ఉంటుంది, పని రెట్టింపు.

స్పిరిట్‌కు లొంగకుండా ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌కు కరిగితే అది స్ప్రే లాకర్. తడి గుడ్డకే సుద్దలా ఊడొస్తే సున్నమో డిస్టెంపరో. దానికి మందులేవీ అక్కర్లేదు, గోరువెచ్చని నీళ్లు, స్పాంజి చాలు. దేనికీ చలించనిది ఎనామిలే.

సీసం సంగతి

ఇళ్లలో వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లకు 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. కాబట్టి అంతకు ముందు వేసిన ప్రతి పొరలోనూ సీసం ఉందనే అనుకుని పని చేయాలి. ముఖ్యంగా అనుమానించవలసినవి పాత పసుపు, నారింజ, ఆకుపచ్చ ఎనామిళ్లు. ఆ పసుపుకు వాడింది ఎక్కువగా లెడ్ క్రోమేట్, ఆకుపచ్చ చాలాసార్లు దానికి నీలం కలిపి చేసిందే. మన గడపలకు పసుపు, తలుపులకు ఆకుపచ్చ వేసే అలవాటును తలుచుకుంటే ఇది ఎంత దగ్గరి విషయమో అర్థమవుతుంది. ఇనుప ఊచలకూ మేకులకూ కింద వేసిన పాత ఎర్ర ప్రైమర్‌లో రెడ్ లెడ్ ఉండే అవకాశం ఉంది.

సీసం ప్రమాదం బాగా పెరిగేది దుమ్ముగానో పొగగానో మారినప్పుడు. పొడిగా సాండ్ పేపర్ పట్టవద్దు, గ్రైండర్‌కు ఫ్లాప్ డిస్క్ పెట్టి ఆడించవద్దు, బ్లో ల్యాంపు మంట చూపించవద్దు. ఈ మూడూ చేసే పనివాళ్లు ఇంకా ఉన్నారు, తొందరగా అవుతుందని పురమాయించేవాళ్లూ ఉన్నారు. పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో ఆ పని వసారాలో కూడా పెట్టుకోకూడదు. తడిగా తీసిన పెయింటు ముద్దగా ఉంటుంది, గాల్లోకి లేవదు. మందుతో పని చేయడానికి ఇదీ ఒక కారణం.

నేల మీద మందపాటి పాలిథిన్ పరిచి, అంచులు పైకి మడిచి టేపు వేయండి. పని బట్టలు విడిగా ఉతకాలి. చేతులు సబ్బుతో కడుక్కోకుండా టీ గ్లాసు ముట్టుకోవద్దు, బీడీ, సిగరెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఏ మందు

హార్డ్‌వేర్ షాపులో పెయింట్ రిమూవర్ అనడిగితే ఎక్కువగా చేతికిచ్చేది మిథిలీన్ క్లోరైడ్ ఉన్న డబ్బా. లేబుల్ మీద డైక్లోరోమీథేన్ అనో ఎం.డి.సి. అనో ఉన్నా అదే. పావుగంటలో ఎనామిల్ ముడతలు పడి లేస్తుంది, పని చేయడంలో దానికి సాటి లేదు. చంపడంలోనూ అంతే. దాని ఆవిరి గాలికన్నా బరువు, మూసిన గదిలో కిందికి దిగి పేరుకుంటుంది. ఒంట్లోకి పోయాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది, అందుకే గుండె జబ్బున్నవాళ్లు దాని దరిదాపులకు వెళ్లకూడదు. అమెరికాలో ఇళ్లలో వాడే రిమూవర్లలో దీన్ని 2019లో నిషేధించారు. మామూలు నైట్రైల్ గ్లవ్స్‌లోంచి కొద్ది నిమిషాల్లోనే చర్మానికి చేరుతుంది, గుడ్డ మాస్కూ ఎన్95 కూడా దీని ఆవిరిని ఆపవు. వాడక తప్పదనుకుంటే ఆరుబయట, గాలి ఎటునుంచి వస్తోందో అటు నిలబడి, లామినేట్ గ్లవ్స్ వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని పని చేయాలి. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ మాస్కు ఉన్నా దీన్ని ఎక్కువసేపు ఆపలేదు, దాన్ని నమ్ముకుని గదిలోకి వెళ్లొద్దు. బావి, సంపు, మూసిన స్టోర్ రూమ్ లాంటి చోట్ల ఏ జాగ్రత్తతోనూ వద్దు.

ఇంకో చిక్కుంది. మిథిలీన్ క్లోరైడ్ దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నం పూస్తే పెయింటును పట్టుకునేలోపే ఎగిరిపోతుంది. డబ్బా లోపల ఒత్తిడి పెరిగి, మూత తీయగానే మొహం మీదికి చిమ్ముతుంది కూడా. మూత మీద మందపాటి గుడ్డ కప్పి, కొద్దికొద్దిగా తిప్పి గాలి వదలాలి. వేసవిలో ఏ మందుతోనైనా తెల్లవారుజాము నుంచి ఎనిమిదింటి దాకానే మంచి సమయం. అసలు ఈ పనికి అనువైనవి కార్తీకం నుంచి మాఘం దాకా ఉండే నెలలు.

నగిషీ పనికి మా ఓటు బెంజైల్ ఆల్కహాల్ ఆధారంగా చేసిన జెల్ రిమూవర్‌కు. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. వాసన తక్కువ, ఆవిరి తక్కువ, నిలువుగా ఉన్న చెక్కడం మీదినుంచి కారిపోదు. ఒక్కటే లోటు, నిదానం: రెండు మూడు పొరలకు ఆరేడు గంటలు, ఐదారు పొరలకు ఒక రాత్రంతా పడుతుంది. దీనికీ గాలి ఆడాలి, గ్లవ్స్ ఉండాలి. బ్యూటైల్ రబ్బరువి అయితే బాగా తట్టుకుంటాయి.

కాస్టిక్ సోడాలో సున్నమో మైదానో కలిపి పట్టించడం పాత పద్ధతి. చవక, నిజమే. కానీ క్షారం టేకులోని టానిన్లను (చెక్కలో సహజంగా ఉండే వగరు పదార్థాలను) నల్లబరుస్తుంది, పైపొర నారను పీచుగా లేపుతుంది, పాతకాలపు ఎముకల జిగురుతో అతికిన కీళ్లను వదులు చేస్తుంది. పైగా నగిషీ మూలల్లో మిగిలిన సోడా తేమను పీలుస్తూ ఉండి, ఏడాది తర్వాత కొత్త పాలిష్‌ను పొరలు పొరలుగా లేపేస్తుంది. నగిషీ ఉన్న దేనికీ కాస్టిక్ వద్దు.

ఇంతకుముందే ఎవరో కాస్టిక్ పెట్టారని అనుమానముంటే కనుక్కోవడానికి వంటింట్లో పసుపు చాలు. పసుపు నీళ్లలో తడిపిన తెల్లగుడ్డను చెక్క మీద రెండు నిమిషాలు అదమండి. దిష్టి తీసే ఎర్రనీళ్లలా గుడ్డ ఎర్రబడితే క్షారం ఇంకా మిగిలి ఉన్నట్టే. వెనిగర్‌కు రెండింతలు నీళ్లు కలిపి తుడిచి, మంచినీళ్లతో తుడిచి, ఆరాక మళ్లీ పరీక్షించండి. గుడ్డ పసుపుగానే ఉండేదాకా ఇది సాగాలి.

హీట్ గన్ పనికొచ్చేది సాదాగా ఉన్న చట్రాలకు, పలకలకు. 300–350 డిగ్రీల మీద పెట్టి, మూడు నాలుగు అంగుళాల దూరంలో ఆపకుండా కదుపుతూ, పెయింటు బుడగలు రాగానే పుట్టీ బ్లేడుతో ఎత్తేయాలి. 590 డిగ్రీలు దాటితే సీసం పొగగా లేస్తుంది, అంతదాకా ఎప్పుడూ పోవద్దు. నగిషీ మీద మాత్రం ఇది దగాచేస్తుంది. పైకి లేచిన సన్నటి అంచు క్షణంలో వేడెక్కి మాడుతుంది, లోతు సందులో ఉన్న మందపాటి పెయింటు ఇంకా చల్లగానే ఉంటుంది. మందు పూసిన చెక్క దగ్గరా, థిన్నర్ డబ్బాలున్న చోటా దీన్ని ఆన్ చేయకూడదు.

పనిముట్లు

ఖరీదైనవేమీ అక్కర్లేదు. చెక్కను గీరకుండా ఉండటమే వీటికి కావలసిన అర్హత. వెదురు పుల్లలు పది పన్నెండు తీసుకుని, కొన్నింటిని సూదిగా, కొన్నింటిని ఉలి మొనలా పలకగా, ఒకటి రెండింటిని గుండ్రంగా చెక్కి పెట్టుకోండి. కొబ్బరి చీపురు పుల్లలు సన్నటి గీతలకు బాగా పనికొస్తాయి, మొన మొద్దుబారగానే విరిచి కొత్త మొన వాడుకోవచ్చు. గట్టి కుచ్చున్న రెండు మూడు రకాల బ్రష్షులు, పాత టూత్‌బ్రష్షులు, పురికొస తాడు, ప్లాస్టిక్ స్క్రేపరు, మూలలు గుండ్రంగా అరగదీసిన పుట్టీ బ్లేడు చాలు. బ్లేడు మూలలు అరగదీయకపోతే ప్రతి తోపుకూ ఒక గీత పడుతుంది.

రంపపు పొట్టు ఒక గోనెసంచి నిండా తెచ్చుకోండి. టేకు పొట్టయితే మేలు. వడ్రంగి షెడ్డులో ఊరికే ఇస్తారు. దీని అవసరం కిందకొస్తే తెలుస్తుంది.

ఇత్తడి తీగల బ్రష్షు జిట్రేగి లాంటి గట్టి కర్ర మీద, పెయింటు తడిగా ఉన్నప్పుడు, నార వెంబడి మాత్రమే. ఇనుప తీగల బ్రష్షు దేనికీ వద్దు. స్టీల్ వుల్ (ఉక్కు పీచు) నీళ్లతో అస్సలు వాడవద్దు. దాని ముక్కలు నారలో ఇరుక్కుని తుప్పుపట్టి, టానిన్‌తో కలిసి నల్ల చుక్కలవుతాయి.

మందు పట్టించడం

ఊడదీయగలిగిన గొళ్లేలు, గొలుసులు, బందులు, ఇత్తడి గుబ్బలు ముందు తీసేయండి. ఏది ఎక్కడిదో ఫొటో తీసి, సీసాల్లో వేసి చీటీ పెట్టండి. వాటి మీది పెయింటుకు మందు దండగ: పాత గిన్నెలో డిటర్జెంట్ నీళ్లు పోసి సన్నటి సెగ మీద గంటసేపు ఉంచితే తోలులా ఊడొస్తుంది. ఆ గిన్నె మళ్లీ వంటకు పనికిరాదు. ఊడిరాని గుబ్బలను బలవంతంగా పెకలించవద్దు, వెనక మేకు వంచి ఉంటుంది, చెక్క చీలుతుంది.

తలుపును వీలైతే బందుల నుంచి దించి బల్లల మీద పడుకోబెట్టండి. నిలువుగా ఉన్నదానికంటే పడుకోబెట్టినదానికి సగం మందు చాలు. సింహద్వారం చట్రం దించలేం కాబట్టి దానికి జెల్ తప్పనిసరి.

ఒకసారికి అడుగు చదరం మించి తీసుకోవద్దు. జెల్‌ను రెండు మూడు మిల్లీమీటర్ల మందాన, దోసెపిండి పోసినట్టు కాకుండా వెన్న పూసినట్టు, ఒకే వైపు లాగుతూ వేయాలి. గుంటల్లో కుచ్చుతో పొడిచి నింపండి, పైన గాలి బుడగలు మిగలకూడదు. ఒకసారి పూశాక దాన్ని మళ్లీ కెలకవద్దు. చాలా రిమూవర్లలో మైనం కలిపి ఉంటుంది, అది పైకి తేలి పొరకట్టి ఆవిరిని లోపలే పట్టి ఉంచుతుంది. బ్రష్షుతో ముందుకూ వెనక్కూ రుద్దితే ఆ పొర తెగి మందు ఎండిపోతుంది. పైన పల్చటి పాలిథిన్ కప్పి, అంచులు వేలితో నొక్కండి.

లెక్క సులువే: చదరపు మీటరు మీద రెండు మిల్లీమీటర్ల మందమంటే రెండు లీటర్లు. నగిషీకి ఎత్తుపల్లాల వల్ల ఉపరితలం ఎక్కువ, కాబట్టి మూడు లీటర్లు, రెండోసారికి ఇంకో లీటరు పెట్టుకోండి. సీసా మీద లీటరుకు ఇన్ని చదరపు మీటర్లు అని రాసేది సాదా చెక్కకు, ఒక పొరకు. దాన్ని నమ్మి కొంటే సగంలో ఆగిపోతారు.

అయిందో లేదో గడియారం చెప్పదు. పాలిథిన్ ఓ మూల లేపి వెదురు పుల్లతో తోయండి. పుల్ల జారి చెక్క దాకా దిగితే సిద్ధం. పై పొరలు లేచి కింది పొర గట్టిగా తగిలితే మళ్లీ కప్పేయండి. జెల్ ఎండి పెళుసైతే ఆ ఎండినదాన్ని గీకే ప్రయత్నం చేయకుండా, పైన తాజాగా ఇంకాస్త పూసి అరగంట ఆగితే మళ్లీ మెత్తబడుతుంది.

తామర రేకు దగ్గర

ముందు సాదా భాగాల మీది ముద్దను ప్లాస్టిక్ స్క్రేపరుతో తీసి డబ్బాలో వేయండి. తర్వాత నగిషీ మీద పిడికెడు రంపపు పొట్టు చల్లి, అరచేతితో మెల్లగా అద్దండి. పొట్టు ముద్దను పీల్చుకుని పొడిపొడిగా, ఉండలు ఉండలుగా అవుతుంది. ఇప్పుడు గట్టి బ్రష్షుతో గుండ్రంగా తిప్పితే ఆ ఉండలు తమతోపాటు పెయింటును పట్టుకుని బయటికొస్తాయి. గుడ్డతో తుడిస్తే ముద్ద ఇంకా లోతుకు పోయి కూర్చుంటుంది, పొట్టు దాన్ని పైకి తెస్తుంది. తడి తగ్గేదాకా రెండు మూడుసార్లు పొట్టు మార్చండి.

ఇక మిగిలేది సందులు. ఒక తామర రేకును తీసుకోండి. రేకు వీపు ఉబ్బెత్తుగా ఉంటుంది, బ్రష్షుకే శుభ్రమైపోయి ఉంటుంది. పెయింటు మిగిలేది రెండు చోట్ల: పక్క రేకుతో కలిసే లోతు గీతలో, రేకు కొనకింద ఉలితో లోపలికి తవ్విన చోట. పలక మొన ఉన్న వెదురు పుల్లను గీతలో పెట్టి, రేకు మొదలు నుంచి కొన వైపు లాగండి. నార ఎటు వాలి ఉందో అటే పోవాలి, ఎదురు లాగితే కొన పెచ్చు లేస్తుంది. పుల్లకు అంటిన ముద్దను ప్రతి లాగుడుకూ గుడ్డకు తుడవాలి, లేకపోతే ఒక రేకులోది తీసి ఇంకో రేకుకు పూస్తున్నట్టే. కొన కిందికి వంచిన చీపురు పుల్ల దూరుతుంది. అక్కడ ఇంకా గట్టిగా ఉంటే టూత్‌పిక్‌తో ఒక్క చుక్క జెల్ పెట్టి, పక్క రేకు చూసుకుని వచ్చేసరికి మెత్తబడి ఉంటుంది.

తరణి పట్టిన (లేత్ మీద గుండ్రంగా తిప్పి చేసిన) మంచం కోళ్ల గాడుల్లో పురికొసను రిమూవర్‌లో తడిపి ఒక చుట్టు చుట్టి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగితే గాడి చుట్టూ ఒకేలా శుభ్రమవుతుంది. బ్లేడు పెడితే గాడి గుండ్రం చెడిపోయి పలకలు పడుతుంది.

విరిగి ఊడిన చిన్న ముక్క ఏదైనా పొట్టులో కలిసిపోకముందే ఏరి, చోటు రాసి దాచండి. పాత ఎముకల జిగురును గోరువెచ్చని నీళ్ల గుడ్డతో పూర్తిగా తీసేస్తేనే ఫెవికాల్ పట్టుకుంటుంది, లేకపోతే రెండు నెలల్లో మళ్లీ ఊడుతుంది.

లోతైన నగిషీకి చదరపు అడుగుకు మూడు నాలుగు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. రెండు విడతలయ్యాక అక్కడక్కడా ఆవగింజంత పెయింటు మిగిలితే దానికోసం చెక్కను గీకవద్దు. ముదురు పాలిష్ కింద అది కలిసిపోతుంది, గీత మాత్రం కలవదు.

గడప వేరే లెక్క

గడప మీద ఎనామిల్ కింద ఏళ్ల తరబడి రాసిన పసుపు, కుంకుమ, నూనె ఇంకి ఉంటాయి. మామూలు జెల్ పెయింటును తీస్తుంది కానీ చెక్క పసుపుగానే ఉండిపోతుంది. పసుపులోని రంగు నీళ్లలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. కాబట్టి తెల్లగుడ్డను స్పిరిట్‌లో ముంచి, పరిచి, పైన పాలిథిన్ వేసి పావుగంట ఉంచితే గుడ్డలోకి దిగుతుంది, గుడ్డ మార్చి మళ్లీ చేయాలి. గడపకు కాస్టిక్ తగిలిందా, ఇంకిన పసుపంతా ఎర్రబడుతుంది.

స్పిరిట్ విషయంలో జిట్రేగితో జాగ్రత్త. ఆ కర్రలోని ఊదా ఎరుపు రంగు స్పిరిట్‌లో దిగుతుంది, పక్కన పొదిగిన లేత కర్రకు అంటుకుంటుంది. జిట్రేగిని టర్పెంటైన్‌తోనే తుడవండి.

కడిగి ఆరబెట్టడం

పెయింటు పోయిందని వెంటనే పాలిష్ వేస్తే ఆరదు, లేదా చేపకళ్లలా గుంటలు పడుతుంది. కారణం రిమూవర్‌లోని మైనం. టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో, సందుల్లో టూత్‌బ్రష్‌తో రెండుసార్లు తుడిచి, ప్రతిసారీ గుడ్డ మార్చాలి. సీసా మీద నీళ్లతో కడగమని రాసి ఉన్న జెల్ అయినా సరే, పాత సామానుకు నీళ్లు గుమ్మరించవద్దు. పిండిన తడిగుడ్డ చాలు, వెంటనే పొడిగుడ్డ. నీడలో, ఫ్యాను గాలికి మూడు రోజులు ఆరాలి. ఎండలో పెడితే పాత పలకలు నెర్రెలిస్తాయి.

ఆరాక టేకు రంధ్రాల్లో తెల్లటి చారలు తేలితే అది ప్రైమర్. దానికి ఒక ఉపాయముంది: ఆ భాగానికి లక్క పాలిష్ ఒక చేయి పూసి, రాత్రంతా ఆరనిచ్చి, మళ్లీ రిమూవర్ పెట్టండి. లక్క రంధ్రాల్లోకి దిగి తెలుపును పట్టుకుంటుంది, ఊడేటప్పుడు దాన్ని తనతో లాక్కొస్తుంది.

మేకుల చుట్టూ నల్ల మరకలకు ఆక్సాలిక్ ఆసిడ్. లీటరు గోరువెచ్చని నీళ్లలో 60 గ్రాములు, ప్లాస్టిక్ మగ్గులో కలపాలి. మరక మీద మాత్రమే కాకుండా ఆ పలకంతా తడపాలి, లేకపోతే తెల్ల వలయం మిగులుతుంది. ఇరవై నిమిషాలాగి మూడుసార్లు మంచినీళ్ల గుడ్డతో తుడవండి. ఇది విషం, ఎండిన స్ఫటికాల దుమ్ము ముక్కు, గొంతు మండిస్తుంది. తుడవకుండా సాండ్ పేపర్ పట్టవద్దు. మార్బుల్ నేల మీద చుక్క పడినా మచ్చ పడుతుంది.

నార లేచి గరుగ్గా ఉంటే సాదా భాగాలకు మాత్రం, పెయింటు జాడ పూర్తిగా పోయాక, 220 నంబరు పేపర్‌ను నార వెంబడి తేలిగ్గా. నగిషీకి పేపర్ వద్దు, పిడికెడు కొబ్బరి పీచుతో రుద్దితే చాలినంత నునుపు వస్తుంది.

చెత్త, గుడ్డలు

పెయింటు ముద్ద, పొట్టు, పుల్లలు అన్నీ మూత ఉన్న రేకు డబ్బాలో వేయాలి. కాలువలో పోయవద్దు, పెంటకుప్ప మీద వేయవద్దు, పొయ్యిలో పెట్టవద్దు. పశువులు పాత పెయింటును నాకి సీసం విషంతో చనిపోవడం పశువైద్యులకు బాగా తెలిసిన సంగతే. మున్సిపాలిటీ బండికి ఇచ్చేటప్పుడు ప్రమాదకర చెత్త కింద విడిగా చెప్పి ఇవ్వండి. టర్పెంటైన్ గుడ్డలను, తర్వాత వాడే అవిసె నూనె గుడ్డలను ముద్దచేసి మూలన పడేయకూడదు. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, గుడ్డల ముద్ద తనంతట తానే అంటుకుంటుంది. దండెం మీద ఒక్కొక్కటిగా ఆరేయండి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచండి.

ఏం వేయాలి

నగిషీ మీద మందపాటి పీయూ (పాలీయురెథేన్) పాలిష్ వేస్తే ఇంత కష్టపడి తెరిచిన సందులు మళ్లీ మూసుకుంటాయి. లోపల ఉండే మంచానికి, భోషాణానికి లక్క పాలిష్ మేలు: లీటరు స్పిరిట్‌కు 150 గ్రాముల లక్క రేకులు, ఒక రాత్రి నాననిచ్చి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. నగిషీకి కుచ్చు బ్రష్షుతో రెండు పల్చటి చేతులు చాలు. సందులో చుక్క నిలిస్తే వెంటనే పొడి బ్రష్షుతో పీల్చేయాలి, ఆరాక అది మెరిసే బొట్టులా ఉండిపోతుంది. పైన తేనెమైనం కావాలంటే ఒక పాలు మైనానికి మూడు పాళ్లు టర్పెంటైన్. మైనాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి, పొయ్యి ఆర్పాకే టర్పెంటైన్ కలపాలి.

ఎండా వానా తగిలే సింహద్వారానికి లక్క నిలవదు, నీళ్లకు తెల్లబడుతుంది. దానికి కాచిన అవిసె నూనెలో (షాపులో బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అంటారు) సగం టర్పెంటైన్ కలిపి, పూసిన పావుగంటకు మిగులు తుడిచేసి, రెండు రోజుల ఎడంతో మూడుసార్లు. శుక్రవారం శుక్రవారం కడిగి పసుపు రాసే గడపకు కూడా ఈ నూనే సరిపోతుంది, ఏడాదికోసారి మళ్లీ ఒక చేయి పట్టించాలి.